గుడ్లగూబ అనువాదం

పుస్తకాల ప్రదర్శనలో మా స్టాలు తెరిచామో లేదో, జుట్టుకు నీలిరంగేసుకున్న ఒక మహానుభావుడు ఊడిపడ్డాడు. మా చిన్న కంపెనీ ఇంగ్లీషులో వేసిన తొలి మాంగాను, అదే ఆ జపాను బొమ్మల కథను, చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో ఎత్తాడు.

"ఇదేం అనువాదమండీ? ప్రాణమే లేదు! ఇదే కథని గుడ్లగూబ అనే పేరుతో ఒకాయన ఎప్పుడో నెట్‌లో ఊరికే పెట్టాడు. చదివి వెక్కి వెక్కి ఏడ్చాను. మీరు ఆయన కాలిగోటికి కూడా సరిపోరు. డబ్బు కోసం చేస్తే ఇలాగే తగలడుతుంది."

అనువాదం చేసింది మా ఆయనే. బుద్ధిమంతుడిలా తలూపాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

ఆ మహానుభావుడు పుస్తకాన్ని బల్లమీద పడేసి అటు వెళ్లగానే ఈయన మీద పడ్డాను.

"బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డారేం? ఆ గుడ్లగూబ నేనేనని ఒక్క మాట అంటే ఏం పోయేది? నెట్‌లో పెట్టిందే కదా అచ్చేశాం, ఒక్క అక్షరమైనా మార్చామా?"

మా ఆయన పుస్తకం అట్టను చొక్కా అంచుతో తుడిచాడు.

"నేను రాసింది చదివి ఏడ్చానని నా ముఖాన చెప్పినవాడు ఇన్నేళ్లకి ఇతనొక్కడేనే. నిజం చెబితే ఆ ఒక్కడూ పోడూ?"