ఆగిన చెయ్యి

"అన్‌లిమిటెడ్ అన్నావుగా? మరి వీడియో కాల్‌లో బొమ్మ ఎందుకాగిపోయింది?" టైలరమ్మ ఫోన్ని కౌంటర్ మీద ఠపీమని పెట్టింది.

రీచార్జి షాపతను నవ్వేశాడు. "నెట్ ఆగదమ్మా. రోజుకు ఒక జీబీ దాటితే స్పీడ్ తగ్గుతుందంతే. అన్‌లిమిటెడే."

"ఆ ముక్క అమ్మేటప్పుడు చెప్పావా? ఎంత వాడినా అయిపోదు కదా అని పొద్దంతా డిజైన్ల వీడియోలు చూశాను."

"పోస్టర్లో కింద ఉందిగా!"

చీమ తలకాయంత అక్షరాలు. రోజూ సూదిలో దారమెక్కించే కళ్లకే అవి ఆనలేదు.

"అయినా వీడియో దేనికమ్మా? మామూలు కాల్ చేసుకోండి. మాటలకైతే అసలు లిమిటే లేదు. పొద్దస్తమానం మాట్లాడుకోండి."

ఆమె అతని మొహంలోకి చూసింది. అరచేతిని పొట్ట మీద ఆనించి కదలకుండా నిలబడింది.

"నేనేమంటున్నానో చెప్పు."

"ఆకలా?"

"తడితే ఆకలి. గుండ్రంగా తిప్పితే కడుపు నిండిందని. నొక్కితే నొప్పి. నా కూతురికి ఆరేళ్లు. వినపడదు, మాట రాదు, రాయడం ఇంకా రాదు. హాస్టల్నుంచి వారానికోసారి చేతులతోనే మాట్లాడుతుంది. ఇందాక చెయ్యి ఇలా పెట్టగానే బొమ్మ ఆగిపోయింది."

"వార్డెన్నడగలేదా?"

"అడిగాను. 'అందరూ బానే ఉన్నారు' అంది."

అతని చెయ్యి అలవాటుగా అదనపు ప్యాకుల కార్డు వైపు వెళ్లి, మధ్యలోనే ఆగింది.

"ఆపావేం? వెయ్యి," అందామె. "ఆ చెయ్యి కదిలేంత నెట్ వెయ్యి."