ఒక రోబో, ఇద్దరు పైలట్లు

"రెండో మనిషి రాలేదా? అయితే నేనాడతాను," అంటూ అత్తగారు చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుంది.

కోడలు గతుక్కుమంది. తను తయారుచేసి, రేపు ఆఫీసులో చూపించాల్సిన ఆట అది. కొండంత రోబో, దాని కడుపులో ఇద్దరు ఆడ పైలట్లు. పెద్దామె కాళ్లు నడపాలి, చిన్నామె చేతులు. ఇద్దరి మధ్య నమ్మకం ఐదు దాటితేనే రోబో లేస్తుంది. ఎవరైనా మనసు విప్పి మాట్లాడితే పాచికలు వేసి ఆ అంకె పెంచుకోవచ్చు. పైలట్లలో ప్రాణం లేదని ఆఫీసువాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి కోడలు ఎక్కడా వెతుక్కోలేదు. వంటింట్లో అత్తగారి నోట రోజూ వినే మాటలే తెచ్చి పెద్ద పైలట్ నోట్లో పెట్టేసింది.

"మీకెందుకండీ అత్తయ్యా శ్రమ? బాబు లేస్తాడేమో."

"ఇప్పుడే పడుకోబెట్టానులే. కార్డు ఇటివ్వు."

ఆటకి బొమ్మలు గీసిన స్నేహితురాలు, సంగతి తెలియక, పెద్ద పైలట్ కార్డు తీసి ఆవిడ చేతికిచ్చింది. తను చిన్న పైలట్ కార్డు ఉంచుకుంది.

అత్తగారు కళ్లజోడు సవరించుకుని పైకే చదివింది. "'నువ్వుండు, నీకు చేతకాదు.' 'చేసింది చాల్లే, మళ్లీ నేనే సర్దుకోవాలి.' 'మా రోజుల్లో ఇన్ని మీటలున్నాయా?'" ఆగి కోడలి వంక చూసింది. "ఇవన్నీ నీ అంతట నువ్వే రాశావా?"

"ఏదో... ఊహించి రాశానండీ."

ఆవిడ మళ్లీ కార్డు వైపు చూసింది. కోడలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడాదిగా పిల్లాణ్ణి చంకనేసుకుని, తనను నిశ్చింతగా ఈ బల్ల ముందు కూర్చోనిచ్చిన మనిషి. ఆవిడ చేసిన మేలుకి తను చేసింది ఇదా?

ఆట మొదలైంది. విరిగిన వంతెన మీద బస్సు వేలాడుతోంది, రోబో నదిలో కూలబడింది. అత్తగారు కార్డులోని మాటలు ఒక్కొక్కటే అంటుంటే స్నేహితురాలి మొహం నిజంగానే మాడిపోయింది. నమ్మకం ఒకటికి దిగింది.

"ఇప్పుడు పెద్ద పైలట్ ఏం చేస్తుందండీ?" కోడలు నీరసంగా అడిగింది.

అత్తగారు కార్డు బోర్లించింది. "కాళ్లు కూడా నువ్వే నడుపమ్మా. నాకంటే నువ్వే బాగా నడుపుతావు. ఇన్నాళ్లూ పైకి అనలేదంతే."

పాచికలు దొర్లాయి. నమ్మకం ఆరు. రోబో లేచి బస్సును అందుకుంది.

కోడలు ఇక ఆగలేకపోయింది. "అత్తయ్యా, నన్ను క్షమించండి. మిమ్మల్ని నొప్పించాలని కాదు. మీరు లేకపోతే నాకీ ఉద్యోగమే లేదు."

"నొప్పించడమేంటే పిచ్చిదానా?" అత్తగారు ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వు నాకెంత మేలు చేశావో నీకు తెలీదు. ఆ ఒక్క మాట కోసం పద్దెనిమిదేళ్లు ఎదురుచూశాను. ఇవాళ్టికి విన్నాను, నా నోటితోనే అయినా."

ఆవిడ చెంగుతో కళ్లొత్తుకుంది.

"అది సరేగానీ, మా అత్తగారు నువ్వు కాపురానికి రాకముందే పోయింది కదా, ఆవిడ మాటలన్నీ పొల్లుపోకుండా నీకెవరు చెప్పారే?"