ద్రోహి పాత్ర

వాయిల్ కథ చెప్పడం ముగించగానే క్లాసంతా చప్పట్లు కొట్టింది.

బీరూట్‌లో సినిమా చదివే పిల్లలు ఊరికే చప్పట్లు కొట్టరు. ఒకడి కథలో ఇంకొకడు బొక్కలు వెతకడమే అక్కడి సగం చదువు. అందుకే వాయిల్ ఉబ్బి తబ్బిబ్బయ్యాడు.

అతను చెప్పింది థ్రిల్లర్. ఊరు రెండు ముక్కలైన యుద్ధం రోజుల్లో సామీ అనే కుర్రాడు అవతలి ముక్కకు బయల్దేరి చెక్‌పోస్టు దగ్గర మాయమైపోతాడు. అతన్ని పట్టించింది ఎవరో ఏళ్ల తరబడి తెలియదు. చివరికి, అతన్ని పెళ్లాడాల్సిన పిల్లే పట్టించిందని తేలుతుంది.

కాలేజీ ఏటా ఒక్క కథకే కెమెరా ఇస్తుంది. ఆ కెమెరా తనకు రాకపోతే వాయిల్‌కి నిద్ర పట్టేలా లేదు.

కథేమీ ఆకాశంలోంచి ఊడిపడలేదు. అతని మేనమామ మునీర్ అలాగే, తను పెళ్లాడాల్సిన పిల్ల ఉండే అవతలి ముక్కకు వెళ్లి తిరిగి రాలేదు. "ఆ పిల్ల రమ్మంటేనే వెళ్లాడు. నా కొడుకుని నాకు కాకుండా చేసింది" అని అమ్మమ్మ బతికున్నన్నాళ్లూ తిట్టేది. ఆ పిల్ల పేరు మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. వాయిల్ ఆ తిట్లకు కాస్త మసాలా కలిపాడు, అంతే.

"నుహాద్ గారూ, ఇక మీరు చెప్పండి," అన్నారు పాఠం చెప్పే ఉస్తాద్ ఇమాద్, వెనక వరసలో కూర్చున్నావిడతో.

సినిమాతో సంబంధం లేని మనిషినొకరిని పిలిచి కథలు వినిపించడం ఆయన పద్ధతి. ఈసారి తన పక్కింటావిడను పిలిచారు.

"ఆ పిల్ల ఎందుకు పట్టించింది బాబూ?" అడిగిందావిడ.

"ఇంకొకణ్ని ప్రేమించింది."

"అలాగా."

ఆవిడ ఒళ్లోని సంచీ సర్దుకుని మళ్లీ అంది.

"చివర్లో ముసలిదయ్యాక, 'సామీ, అల్లా యర్హమో' అంటుంది కదా. ఆ మాట అనదు."

దేవుడు వాడిమీద దయ చూపాలని, చనిపోయినవాళ్ల పేరు పక్కన చేర్చే మాట అది. శవం కూడా దొరకనివాడి పేరు పక్కన చేరిస్తే తమ చేత్తో తామే వాడిమీద మన్ను వేసినట్టు. ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. వాయిల్‌కి మరీ బాగా తెలుసు. అమ్మమ్మ చివరిదాకా ఆ మాట అనలేదు. వినసొంపుగా ఉందని రాసేశాడు.

తప్పు దొరికిపోయింది. సిగ్గేసింది. అప్పుడైనా నోరు మూసుకుని ఉండాల్సింది.

పైగా అది క్లాసు నియమం కూడాను. ఎదుటివాళ్లు లోపాలు చెబుతుంటే కథ చెప్పినవాడు వినాలి తప్ప జవాబివ్వకూడదు.

"ఇన్నేళ్లయినా అనకపోతే ఎలా పిన్నిగారూ? ఇంకా వాడికి కంచం పెట్టి ఎదురుచూడమంటారా?"

క్లాసు గొల్లున నవ్వింది.

"వాయిల్! విను, మాట్లాడకు," అన్నారు ఉస్తాద్.

నలుగురూ నవ్వాక వాయిల్ ఇంక ఆగలేదు.

"ఇది థ్రిల్లర్ పిన్నీ, ఏడుపుగొట్టు సీరియల్ కాదు. ఇంటికెళ్లి మీ పిల్లల్ని అడగండి, విడమరిచి చెబుతారు."

"నాకు పిల్లల్లేరు బాబూ. పెళ్లి చేసుకోలేదు."

నవ్వులు ఆగిపోయాయి. వాయిల్ చెవులు భగ్గున మండాయి. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆవిడకే జాలేసినట్టుంది.

"కథ బాగుంది. ఆ పిల్లని ద్రోహిని చేసుకో, ఫర్వాలేదు. ఆ ఒక్క మాట మాత్రం తీసెయ్."

సంచీ తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"మీ అమ్మ కులాసానా?"

"ఆఁ," అని గొణిగాడు. ఇంటికొచ్చి చాడీలు చెబుతుందేమోనని భయపడ్డాడు.

సాయంత్రం ఉస్తాద్ ఫోన్ చేశారు.

"కెమెరా నీకేనోయ్. నుహాద్ గారి ఓటు కూడా నీకే పడింది. నేనైతే ఛస్తే వేసేవాణ్ని కాదు."

సంతోషం సగమే నిలిచింది. అయినా కునాఫా మిఠాయి కట్టించుకుని ఇంటికెళ్లాడు.

తల్లి వంటింట్లో ములుఖియా ఆకు దూస్తోంది. మనసులో గుచ్చుకుంటున్నదాన్ని నవ్వులాటగా చెప్పేస్తే తేలిపోతుందనుకున్నాడు. కథ చెప్పాడు, పిన్నిగారిని ఆటపట్టించిన సంగతీ చెప్పాడు.

తల్లి నవ్వలేదు.

"మీ మామ కథని అమ్ముకున్నావా?"

"పేరు మార్చానుగా అమ్మా! ఆవిడ నీ గురించి కూడా అడిగింది, తెలుసా?"

"నా గురించా? ఏం పేరు?"

"నుహాద్."

తల్లి చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది.

"ఓరి దౌర్భాగ్యుడా! నువ్వు ద్రోహిని చేసింది ఆమెనేరా."

కంచం మాట, పిల్లల మాట, క్లాసు నవ్వు అన్నీ ఒక్కసారిగా వచ్చి వాయిల్ మీద పడ్డాయి. అంతలో నీళ్లలో పడ్డవాడికి గడ్డిపోచ దొరికినట్టు ఒక ఆలోచన తట్టింది.

"రమ్మన్నది ఆమే కదమ్మా? అమ్మమ్మ అనేదిగా!"

"అమ్మమ్మ మొహంమీదే అడిగింది, రమ్మన్నది నువ్వేనా అని. అవునంది."

"మరి నిజమే కదా!"

అలా అన్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. తల్లి ఆకుపసరు అంటిన చేతులతోనే కళ్లు తుడుచుకుంది.

"అమ్మమ్మని పాతిపెట్టి వచ్చాక గానీ నా దగ్గర నోరు విప్పలేదు ఆ మనిషి. మీ మామ ఆ పూట అవతలికి వెళ్లింది అమ్మమ్మకి ఇన్సులిన్ తేవడానికిరా. తన మందు కోసమే వెళ్లి కొడుకు రాకుండా పోయాడని ఆ తల్లికి ఎప్పటికీ తెలియకూడదని, తనే రమ్మన్నానని ఒప్పేసుకుంది నుహాద్."