అది మాత్రం నిజమే

పూలదండతో సెలూన్‌లోకి పరుగెత్తుకొచ్చిన పెద్దాయన, అక్కడ ఒక లారీ డ్రైవరుకు గడ్డం గీస్తున్న తమ్ముణ్ణి చూసి కెవ్వుమన్నాడు.

"నువ్వు పోయావన్నారు కదరా!"

"ఫేక్ న్యూస్ అన్నయ్యా! ఎవడో వాట్సాప్ గ్రూపులో నా ఫొటో పెట్టి నివాళులన్నాడు. పొద్దుటి నుంచి నువ్వు పదకొండోవాడివి."

సగం గడ్డంతో డ్రైవరు పకపకా నవ్వాడు. అన్న మాత్రం తమ్ముడి బుగ్గలు, భుజాలు తడిమి చూసి, దండ అతని మెడలోనే వేసి భోరుమన్నాడు. ఎనిమిదేళ్లలో ఆయన ఈ గడప తొక్కడం ఇదే మొదటిసారి.

"పోనీలేరా. 'అన్నయ్య క్షవరం చేస్తే గొర్రె కూడా సిగ్గుపడుతుంది' అని నువ్వన్నావని విన్నానే, అదీ ఫేక్ న్యూసే అనుకుందాం" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ.

తమ్ముడు అవుననబోయాడు. కానీ అన్న చెయ్యి ఒకటి ఇంకా తన భుజం మీదే ఉంది.

"కాదన్నయ్యా. అది మాత్రం నిజమే. నేనే అన్నాను. తప్పయిపోయింది."

డ్రైవరు అద్దంలో అన్న మొహం చూశాడు.

"నాకు తెలుసురా వెధవా! అప్పుడు నేను గుమ్మం బయట చెప్పులు విప్పుతున్నాను" అంటూ అన్న ఫక్కున నవ్వాడు. "నీ నోటితో ఒప్పుకుంటావేమోనని ఇన్నేళ్లూ చూశాను."

నవ్వి నవ్వి ముగ్గురికీ పొట్టలు నొప్పెట్టాయి. అన్న అదే ఊపులో ఒక చేత్తో కత్తి, ఇంకో చేత్తో బ్రష్షు అందుకుని, మిగిలిన గడ్డానికి సబ్బు నురగ పట్టించసాగాడు. డ్రైవరు బిక్కమొహం వేశాడు.

"భయపడకండి సార్" అన్నాడు తమ్ముడు. "నాకు పని నేర్పింది ఆయనే."