పదిహేడో ఎక్కం

"నాకు ఇనవడ్తలేదు సార్!" అని రాజం కిటికీ రెక్కలు అదిరేలా అరిచాడు.

"నాకు వినపడుతుంది గదా, ఎందుకా అరుపు?" అన్నాడు డాక్టర్ అనంతరామ్.

"ఏమన్నరు సార్?"

అనంతరామ్ నవ్వుకున్నాడు. మెడికల్ బోర్డు కుర్చీలో ఆరేళ్లుగా కూర్చుంటున్నాడు. ఒక్కడంటే ఒక్కడు ఆయన్ని బోల్తా కొట్టించలేదు. గోలేటి సదయ్య చెవుడని వస్తే, వెనక నిలబడి "ప్యాంటు జిప్పు ఊడింది" అని గుసగుసలాడాడు. సదయ్య గబుక్కున కిందికి చూసుకున్నాడు. శ్రీరాంపూర్ పోశం నడుము వంగదని వస్తే, "కుర్చీ కింద తేలు" అన్నాడు. పోశం ఎగిరి బల్లెక్కాడు. ఇద్దరినీ ఫిట్ అని రాసి పంపేశాడు.

గోదావరిఖనిలో లింకు దళం పెట్టిందే గని కార్మికుల కోసం. పైకప్పు తట్టి, చప్పుడు విని, కూలుతుందో లేదో పసిగట్టే బుర్రలు యుద్ధవిమానానికి ఇట్టే అతుక్కుంటాయని ఎవరో సైంటిస్టు కనిపెట్టాడు. తలకు లింకు టోపీ పెట్టుకుంటే చాలు. పైలట్ కళ్లే దాని కళ్లు, పైలట్ కాళ్లే దాని చక్రాలు. ఒకరికి మరిగిన విమానం ఆ ఇంటి రక్తాన్ని తప్ప పరాయివాళ్లను దగ్గరికి రానివ్వదు. ఆ ఇంటివాళ్లలోనైనా ఒకసారికి ఒక్కరి మాటే వింటుంది. అందుకని గనుల్లోని పద్ధతే ఇక్కడా పెట్టారు. తండ్రి అన్‌ఫిట్ అయితే కొలువు బిడ్డకొస్తుంది. ఆ పద్ధతితో పాటు ఆ వేషాలూ వచ్చాయి మరి.

"ఏమేం రోగాలో చెప్పు, రాసుకుంటా."

"ఎడమ మోకాలు సార్! ఎడమది! కుడి కన్ను మసక! ఇగ దమ్మొకటి!" రాజం ఒక్కొక్కటీ పొలికేకలు పెట్టి మరీ చెప్పాడు.

"ఇంకా నాలుగేళ్ల సర్వీసుంది. ఇప్పుడే ఎందుకంత తొందర?"

ఈ ప్రశ్న మాత్రం అరవకుండానే వినపడింది రాజానికి. "నా బిడ్డ సంతోషికి ఎల్లుండి ముప్పై అయిదు నిండుతయ్ సార్. అది దాటితే కొలువియ్యరు. నేను చేరిన కాడికెల్లి దాని పానమంత గా ఇమానం బండి మీదనే."

కిటికీ అవతల, వరండా బెంచీ మీద సంతోషి కూర్చుని ఉంది. ఎండకు తలచుట్టూ చున్నీ బిగించి కట్టుకుంది. కళ్లు మూసుకుని, చేతులు జోడించుకుంది.

"ఏం చేస్తుందక్కడ?"

"మొక్కుతుంది సార్. ఇయ్యాల మీరే దేవుడాయె."

ఇంకొకరైతే కరిగిపోయేవారే. అనంతరామ్‌ది మంథని మొండితనం. దుక్కలాంటి మనిషిని అన్‌ఫిట్ అని రాస్తే రేపు తన మొహం తను చూసుకోలేడు.

"నోరు అబద్ధమాడుతుంది రాజం, విమానం ఆడదు. నీ టోపీ తీయ్. బండిని రన్‌వే మీద నడిపించు, చూద్దాం."

"టోపీ ఇంట్ల మర్చిపోయిన సార్. మతిమరుపు గూడ రాస్కోండ్రి."

బోర్డు వాళ్ల టోపీ ఉండనే ఉంది. అనంతరామ్ దాన్ని స్వయంగా రాజం తలకు బిగించాడు. "ఊఁ, ఇప్పుడు పదిహేడో ఎక్కం చెప్పు."

"ఎక్కమా?"

"బుద్ధిపెట్టి కుంటిస్తే బండి కుంటుతుంది, నాకు తెలుసు. నోటి నిండా ఎక్కం పెట్టుకుని మనసులో నాటకమాడేటోడు ఇంకా పుట్టలేదు. కానీయ్."

రాజం కిటికీ వైపు తిరిగాడు. అనంతరామ్ అతని తలమీది టోపీ వంక చూసి నొసలు చిట్లించాడు. "లింకు కుదిరితే నుదుటి మీద పచ్చ దీపం వెలగాలె గదా?"

"మన దగ్గర బల్బులు ఎన్నడు వెలిగినయ్ సార్! అగో, బండి కదిలింది!"

నిజమే. దూరంగా రన్‌వే మీద యుద్ధవిమానం మెల్లగా ముందుకొచ్చింది.

"పదిహేడొకట్ల పదిహేడు! పదిహేడు రెండ్ల ముప్పై నాలుగు!"

విమానం ఎడమ చక్రం ఈడ్చింది. నాలుగడుగులేసి ఆగింది, మళ్లీ ఈడ్చింది.

"పదిహేడు మూళ్ల యాభై ఒకటి!"

కుడివైపు కెమెరా రెప్ప సగం వాలిపోయింది.

"పదిహేడు నాలుగుల అరవై ఎనిమిది! పదిహేడయిదుల ఎనభై అయిదు!"

తోకలోంచి గుప్పుమని పొగ వచ్చింది. విమానం ముసలి బీడీరాయుడిలా మూడుసార్లు దగ్గి, పక్కకు ఒరిగి నిలబడింది.

అనంతరామ్ రాజం మొహంలోకి పరీక్షగా చూశాడు. ఎక్కం ఎక్కడా తడబడటం లేదు. నూట డెబ్భై దాకా గడగడా వచ్చింది. ఇది నాటకం కానే కాదు. ఆరేళ్లలో తొలిసారి అసలైన రోగి దొరికాడు, అతన్ని కూడా అనుమానించాడు తను. డాక్టరుకు నిజంగానే సిగ్గేసింది.

"ఏమనుకోకు రాజం. ఈ మోకాలుతో ఇన్ని రోజులు ఎట్ల నెట్టుకొచ్చినవయ్యా?"

రాజం కిటికీలోంచి విమానం వంకే చూస్తున్నాడు. కళ్లనిండా నీళ్లు. "ఎంత ముద్దుగ నడిచింది సార్!"

"బాధగా ఉందా?"

"బాధెందుకు సార్, సంబురం."

అనంతరామ్ "అన్‌ఫిట్" అని రాసి, సంతకం పెట్టి, ముద్ర గుద్దాడు. కాగితం అందుకున్న రాజం ఎడమ కాలు ఈడ్చుకుంటూ గుమ్మం దాటాడు.

"అయిపోయింది బిడ్డా! ఇగ లే!"

సంతోషి కళ్లు తెరిచింది. తండ్రి చేతిలోని కాగితం చూసి మొహం చాటంత చేసుకుంది. కిటికీ దగ్గరికొచ్చి, డాక్టరుకు రెండు చేతులెత్తి దండం పెట్టి, తల వంచింది. గాలికి చున్నీ జారి, కింద టోపీ బయటపడింది.

ఆమె నుదుటి మీద పచ్చ దీపం వెలుగుతోంది.