చెవిన పడ్డ పదహారు

"పదహారు జీబీ ర్యామ్ లేకుంటే నా సాఫ్ట్‌వేర్ టూల్స్ ఒకటీ నడవదు మామా. సోమవారం సొంత ల్యాప్‌టాప్‌తో వస్తేనే ఉద్యోగమన్నారు," అంది అర్చన.

"సుమ్మా ఉండు పాపా, ఊరుకో. బేరం నాకు వదులు," అన్నాడు సేతురామ. పొల్లాచ్చి సంతలో కొబ్బరికాయ తట్టి, అది కాసిన చెట్టు వయసు చెబుతానని కోతలు కోసే మనిషాయన.

కోయంబత్తూరులో ఆ పాత ల్యాప్‌టాప్‌ల కొట్టు యజమాని సత్యరాజ్ వాళ్ల తెలుగు విన్నాడు. వినీ విననట్టు, పక్కనున్న నెరిసిన మీసాల పనివాడు పొన్ను చెవిలో తెలుగులోనే గొణిగాడు. "ఆ మూలనుండే నల్లదాన్ని కదపొద్దు. లోపల పదహారు ఏయించి నా అల్లుడికని దాచిపెట్టుండాను."

పొన్ను తల ఊపాడు.

సేతురామ చెవులు నిక్కపొడుచుకున్నాయి. "నాకా నల్లదే కావాలి!" అన్నాడు తమిళంలో.

"అదొద్దయ్యా," సత్యరాజ్ కూడా తమిళంలోనే బతిమాలాడు. "పాతది. ర్యామ్ నాలుగే. పాప పనికి చాలదు. బిల్లులోనూ నాలుగనే రాస్తాను."

"ఒకసారి ఆన్ చేసి చూద్దాం మామా."

"చూస్తూ కూర్చుంటే వాడి మనసు మారిపోతుంది. తమిళంలో చెప్పింది మనకు. తెలుగులో చెప్పుకున్నది వాళ్లకు. ఏది నిజమే, పిచ్చిదానా?"

కొనుక్కుని ఇంటికొచ్చి తెరిస్తే ర్యామ్ నాలుగే. తెర మీద చక్రం తిరుగుతోంది. అర్చన కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగొచ్చినా తిరుగుతూనే ఉంది. ఆ పిల్ల ల్యాప్‌టాప్ మూసి, గోడవైపు తిరిగి కూర్చుంది. తిట్టినా బాగుండేది సేతురామకు.

తమిళంలో మోసపోతే సంత మోసమని దులుపుకునేవాడు. తాతలనాటి నుంచీ గడప లోపల కాపాడుకున్న తెలుగు మాట ఇది. ఆ మాటతోనే సత్యరాజ్ గొంతు కోశాడే!

మర్నాడు పొద్దున్నే కొట్టుకెళ్లాడు. సత్యరాజ్ లేడు. దొరికిన పొన్ను చొక్కానే పట్టుకున్నాడు.

"నీ పక్కనే గదరా వాడు అబద్ధమాడింది! మనోడివై ఉండి, మన మాటలో మోసం జరుగుతుంటే తల ఊపుతావా?"

పొన్ను బిత్తరపోయి తమిళంలో అన్నాడు. "ఏం తిడుతున్నారో తెలియడం లేదయ్యా. నాకు తెలుగు ఒక్క ముక్క రాదు. మీవాళ్లు వచ్చినప్పుడల్లా కొట్టు ముదలాళి నా చెవిలో ఏదో గొణుగుతారు... తల ఊపడమే నా పని."