రోజుకో ఎపిసోడ్

"సంతకం పెట్టాక వెనక్కి తీసుకోవడం కుదరదమ్మా. ఈ సీటు వేరేవాళ్లకి వెళ్లిపోతుంది," అన్నాడు కాలేజీ ఆఫీసు గుమస్తా, కళ్లజోడు పైనుంచి చూస్తూ.

"తెలుసండీ," అని సంతకం గీకేసింది పిచ్చుక.

"నువ్వు మారబోయే కాలేజీ ఉన్న ఊళ్లో చుట్టాలున్నారా?"

"ఫ్రెండుంది."

గుమస్తాకి ఆ జవాబు సరిపోయింది. ఈ కాలం పిల్లలకి చుట్టాలకంటే ఫ్రెండ్సే ఎక్కువని ఆయనకి సొంత ఇంట్లోనే తెలిసొచ్చినట్టుంది. కాగితం మీద ముద్ర గుద్ది పక్కన పడేశాడు.

నోరు మూతపడదని పిచ్చుకకి ఇంట్లోవాళ్లు పెట్టిన పేరది. పక్కింటి పిల్ల పొడుగ్గా ఉంటుంది కాబట్టి నిచ్చెన. ఇద్దరిదీ ఒకే బెంచీ, ఒకే గొడుగు, ఒకే సీరియల్ పిచ్చి. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ ఒకడు లిఫ్టులో చెవినపడ్డ మాటల్నిబట్టి దొంగల్ని పట్టేస్తుంటాడు, అదీ సీరియల్. కథ అంతంతమాత్రమే. అయినా వాడు స్క్రూడ్రైవరు తీశాడంటే చాలు, వీళ్లిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వేవారు.

స్కూలు చదువయ్యాక నిచ్చెనకి ఎక్కడో దూరాన సీటొచ్చింది. విడిపోయే రోజున ఒట్టేసుకున్నారు. ఎవరెక్కడున్నా రోజుకో ఎపిసోడ్ చూడాలి, ఒకరిని వదిలేసి ఒకరు ముందుకి పోకూడదు. అకౌంటు ఒకటే, అందులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. నిచ్చెన పేరు నొక్కితే ఆమె ఎంతవరకు చూసిందో ఎర్రగీత చెబుతుంది.

కొన్నాళ్లు ఆ గీత ఉలకలేదు, పలకలేదు. ఫోన్ చేస్తే నిచ్చెన "మళ్లీ చేస్తానే" అనేది. ఆ మళ్లీ ఎప్పుడూ రాలేదు. పిచ్చుక కాసేపు ఏడ్చి, కాసేపు తిట్టి, ఇక ఆశ వదులుకునే సమయానికి గీత కదిలింది. ఇదివరకు చూసినవి కూడా వదలకుండా మొదటినుంచీ గబగబా చూసుకుంటూ వచ్చి నిచ్చెన ఆమెని అందుకుంది. ఒట్టు తప్పినందుకు లెంపలేసుకుంటోంది కాబోలనుకుని పిచ్చుక పొంగిపోయింది.

అప్పటినుంచి రోజూ అంతే. ఈమె ఎంతవరకు చూస్తే అక్కడికే వచ్చి నిచ్చెన ఆగేది. జ్వరమొచ్చి పిచ్చుక కొన్నాళ్లు ఫోన్ ముట్టుకోకపోతే అటు గీత కూడా ఆగిపోయింది. చెప్పకుండానే తెలిసిపోయింది, స్నేహమంటే అదీ, అనుకుంది పిచ్చుక. మాటలదేముంది, ఎవరైనా మాట్లాడతారు.

ఆఫీసు నుంచి హాస్టల్ గదికొచ్చి సూట్‌కేసు తెరిచింది. ఎదురు మంచం మీది అమ్మాయి చెవుల్లోంచి వైర్లు తీసి చూసింది. ఆమెకి పిచ్చుక పెట్టిన పేరు మూగనోము. చెడ్డపిల్ల కాదు. కాలేజీలో చేరిన కొత్తలో పిచ్చుక ఫోన్ బకెట్లో పడితే, బాగయ్యి వచ్చేదాకా సాయంత్రాలు అకౌంటు తెరిచి సీరియల్ చూసుకోమని తన ఫోన్ ఇచ్చింది. జ్వరంలో మాత్రలూ వేడినీళ్లూ అందించింది. మాటల దగ్గరే మహా పిసినారి.

"నిజంగా వెళ్తున్నావా?"

"సంతకం కూడా పెట్టొచ్చేశా."

"ఇక్కడేం బాలేదు?"

"ఇక్కడ ఉంటే గోడతో కాపురం చేస్తున్నట్టుంది." అనేశాక నాలుక కరుచుకుంది. "నిన్ను అనట్లేదు."

"ఫర్వాలేదు. మరక్కడ?"

"అక్కడ నాతోపాటు రోజూ చూసే మనిషుంది. మాట్లాడకపోతేనేం, నేను ఆగితే తనూ ఆగుతుంది. అలాంటి మనిషి ఒక్కరుంటే చాలదా?"

"చాలు." మూగనోము దుప్పటి అంచు నలిపింది. "అప్పట్లో ఒకసారి అడిగా, ఏం చూసి అంత నవ్వుతున్నావని. నీకర్థం కాదులే, మొదటినుంచీ చూసుండాలన్నావు."

"అన్నానా? గుర్తులేదు. అయితే ఏంటి?"

"ఏం లేదు. నీకొకటి చెప్పాలి..."

ఫోన్ మోగింది. "నిచ్చెన," అంటూ పిచ్చుక మంచం మీంచి ఎగిరింది. మూగనోము వైర్లు చెవుల్లో పెట్టుకుని గోడవైపు తిరిగింది.

"మెసేజ్ చూశా. ఏంటే, ఉన్నట్టుండి ఇక్కడికొచ్చేస్తున్నావా?" అంది నిచ్చెన.

"మరి? నువ్వు నామీద ఇంత బెంగపెట్టుకుంటే నేనెలా ఉంటాను?"

"బెంగా? నాకు తినడానికే తీరిక లేదే తల్లీ. సరే, రా. కాకపోతే ఇక్కడి ఫ్రెండ్స్‌తో కలిసి గది తీసుకున్నా, అందులో చోటు లేదు. నువ్వు వేరే చూసుకోవాలి."

"చూసుకుంటాలే. సాయంత్రాలు మాత్రం ఇద్దరం కలిసి మెకానిక్‌ని చూద్దాం."

"ఏ మెకానిక్? ఓ, ఆ లిఫ్టువాడా. ఇంకా చూస్తున్నావా వాణ్ణి? ఇక్కడికొచ్చాక నేను ఒక్కటీ చూళ్లేదే. ఫోన్ మార్చాక పాస్‌వర్డ్ కూడా మర్చిపోయా."

పిచ్చుక ఫోన్ చెవి దగ్గర్నుంచి తీసి, తెర మీది పేరు మళ్లీ చూసుకుంది.

"ఉన్నావా?" అంది నిచ్చెన.

"ఉన్నా. మళ్లీ చేస్తా."

అకౌంటు తెరిచి నిచ్చెన పేరు నొక్కింది. ఎర్రగీత నిన్నటి ఎపిసోడ్ సగంలో ఉంది. మూసి, మళ్లీ తెరిచింది. గీత కొంచెం ముందుకి జరిగింది. ఎవరో ఈ క్షణంలో కూర్చుని చూస్తున్నారు. ఏ దొంగవెధవో అకౌంటులో దూరాడు, ఇన్నాళ్లూ వాడి కోసమా తను రోజూ ఎదురుచూసింది? ఆ మాట అనుకోగానే ఏడుపు ఆగలేదు. మొహం కడుక్కుందామని లేచి, కళ్లు మసకేసి, ఎదురు మంచం మీంచి వేలాడుతున్న ఇయర్‌ఫోన్ల వైరుకి కాలు తగిలించుకుంది. వైరు ఊడి నేల మీద పడింది.

మూగనోము ఫోన్‌లో లిఫ్టు మెకానిక్ మాట్లాడుతున్నాడు.